బుల్లి రైలుకి డిజిటల్ కంట్రోల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇంట్లో తిప్పుకునే బుల్లి రైళ్ల గురించి, వాటి డిజిటల్ కంట్రోల్ అదే డీసీసీ గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఎక్కువ చెన్నై నుంచే, మధ్యలో బెంగళూరు వాళ్ళవి కొన్ని. అన్నీ వరసగా చదివితే ఒకటి తేలింది ఏంటంటే, సగం మంది డీకోడర్ని, అంటే ఇంజిన్లో ఉండే చిన్న సర్క్యూట్‌ని, తిడుతున్నారు గానీ అసలు గొడవ పట్టాల కింద ఉన్న వైర్లలో ఉంది. అందుకే కొన్ని జవాబుల్లో అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తది, విసుక్కోకండి.

ప్రశ్న: ఏటా దసరాకి బొమ్మల కొలువు పెడతాం. పక్కన పార్కు, గుడి, చెరువు, వాటి చుట్టూ ఒక రైలు. ఈసారి మా తమ్ముడు అమెరికా నుంచి హెచ్ఓ (1:87 సైజు) సెట్ తెచ్చాడు. ఒకే పట్టా మీద రెండు రైళ్ళు తిప్పాలని పిల్లల గోల. డీసీసీ కొనాల్సిందేనా? (ఒక గృహిణి, టీ నగర్)

అమ్మా, ముందు ఆ సెట్‌తో వచ్చిన కరెంటు డబ్బాని గోడకి పెట్టకండి. దాని వెనకాల ఏం రాసుందో చూడండి. 100-240 వోల్ట్ అని ఉంటే పర్లేదు, పిన్ను మార్చే అడాప్టర్ చాలు. 120 వోల్ట్ 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మాత్రం మన 230కి అది కాలిపోతుంది, పండగ పూట ఇల్లంతా ఆ వాసన. అప్పుడు స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, లేదా ఆ డబ్బాని అటక మీద పడేసి 12 వోల్ట్ డీసీతో నడిచే కంట్రోలర్ ఇక్కడే వేరేది తీసుకోవాలి, నన్నడిగితే రెండోదే మేలు.

ఇక రెండు రైళ్ళ సంగతి. మామూలు డీసీ పద్ధతిలో పట్టాల్లోకి వెళ్ళే వోల్టేజే రైలు స్పీడు, కాబట్టి ఆ పట్టా మీద ఎన్ని లోకోలు (ఇంజిన్లు) పెట్టినా అన్నీ ఒకేసారి కదుల్తాయి, ఒకేసారి ఆగుతాయి, పైగా ఏ రెండు లోకోలూ ఒకే స్పీడులో పోవు కదా, కాసేపటికి ఒకటి ఇంకోదాని వీపెక్కుతుంది. డీసీసీలో అట్లా కాదు, పట్టాల్లో ఎప్పుడూ 14, 15 వోల్టులు ఉంటాయి, అందులోనే సందేశాలు పోతుంటాయి. సెంట్రల్ స్టేషన్లో మైకులో గూడూరు బండి అని పిలిస్తే ప్లాట్‌ఫారం మీద అందరికీ వినబడుతుంది, కానీ లేచేది గూడూరు వెళ్ళేవాళ్ళే, ఇదీ అంతే. ప్రతి లోకోలో ఒక డీకోడర్ ఉంటుంది, దానికొక నంబరు ఉంటుంది, తన నంబరు వచ్చినప్పుడే కదులుతుంది. అంటే డీకోడర్ లేని లోకోకి డీసీసీ కొని లాభం లేదు, లోకోకొక డీకోడర్ ఖర్చు కూడా లెక్కేసుకోవాలి.

మీ కొలువు వరకు అయితే అంత ఖర్చు అక్కర్లేదు అంటాను. ఒకదాని లోపల ఇంకొకటిగా రెండు గుండ్రాలు వెయ్యండి, రెండిటికీ వేరే వేరే డీసీ కంట్రోలర్లు, పిల్లలకి చెరొకటి, కొట్లాట కూడా ఉండదు. తొమ్మిది రోజులు పొద్దున్నుంచి రాత్రిదాకా ఆపకుండా తిప్పకండి, మోటార్లు వేడెక్కుతాయి, గంటకోసారి పావుగంట విశ్రాంతి ఇవ్వండి. ఇంకోటి, పార్కులో పచ్చదనం కోసం ఆవాలు రాగులు చల్లి నీళ్ళు పోస్తారు కదా, ఆ తడి మట్టికీ పట్టాలకీ మధ్య కనీసం జానెడు దూరం ఉంచండి, పట్టాల కింద ఒక పలుచటి చెక్క వెయ్యండి. ఇసుక గాని ముగ్గు పిండి గాని లోకో గేర్లలోకి పోయిందంటే దాన్ని విప్పి కడగడం మీ తమ్ముడి వల్ల కూడా కాదు.

ప్రశ్న: హాల్లో ఎల్ షేప్‌లో ఎనిమిది మీటర్ల లేఔట్ కట్టాను. ఐదు ఆంపియర్ల మంచి కమాండ్ స్టేషన్ (పట్టాల్లోకి డీసీసీ సందేశాలు పంపే డబ్బా) కొన్నాను. కంట్రోలర్ దగ్గర రైలు బ్రహ్మాండంగా పోతుంది, అవతలి చివరికి వెళ్ళేసరికి నీరసపడుతుంది, ఒక్కోసారి సౌండ్ ఆగి మళ్ళీ మొదట్నుంచి స్టార్ట్ అవుతుంది. ఫ్రెండ్ ఒకడు బూస్టర్ (పట్టాలకి ఎక్కువ ఆంపియర్లు ఇచ్చే డబ్బా) ఇంకోటి కొనమంటున్నాడు. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వేలచ్చేరి)

కొనొద్దు తమ్ముడూ. నువ్వు పంపిన ఫోటోలో చూశాను, ఐదు ఆంపియర్ల డబ్బా నుంచి పట్టాలకి పోతున్నది రెండే రెండు సన్నటి వైర్లు, అవి కూడా ఒక్క చోటే తగిలించావు, మిగతా దూరమంతా కరెంటు పట్టాల్లోంచి, వాటిని కలిపే జాయినర్లలోంచే పోవాలి. పట్టాలది నికెల్ సిల్వర్, పేరులో సిల్వర్ ఉంది గానీ అందులో వెండి లేదు, రాగి నికెల్ జింకు కలిపిన లోహం, రాగి కంటే దాని రెసిస్టెన్స్ చాలా రెట్లు ఎక్కువ. జాయినర్లు ఒక ఏడాది పోయాక వదులవుతాయి, లోపల నలుపు పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఇంటి వైరింగుకి వాడే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఉందే, దాని రెసిస్టెన్స్ కిలోమీటరుకి 12 ఓమ్‌ల చిల్లర. నీ ఎనిమిది మీటర్లు పోయి రావడానికి 16 మీటర్లు, అంటే 0.2 ఓమ్ లోపే, 3 ఆంపియర్లు లాగినా అరవోల్టు చిల్లర పోతుంది. అదే 0.2 స్క్వేర్ ఎంఎం సన్న వైరు అయితే అదే దూరానికి నాలుగు వోల్టులు గాల్లో కలిసినట్టే. 14లో నాలుగు పోతే ఇంకేం మిగుల్తుంది, డీకోడర్ రీసెట్ అవ్వక ఏం చేస్తుంది!

కాబట్టి వీధి చివర కరెంటు సామాన్ల షాపుకి వెళ్ళి ఎర్రది నల్లది ఒకటిన్నర లేదా రెండున్నర స్క్వేర్ ఎంఎం వైరు తెచ్చుకో, బల్ల కింద ఈ చివర నుంచి ఆ చివరి దాకా లాగు, దీన్నే బస్ అంటారు. ఈ బస్ నుంచి మీటరుకోసారి, వీలైతే ఇంకా దగ్గర దగ్గరగా, ప్రతి పట్టా ముక్కకీ సన్న వైరుతో ఫీడర్ ఇవ్వు. ఫీడర్లు సన్నగా ఉన్నా పర్లేదు ఎందుకంటే జానెడే కదా, కానీ పొడుగ్గా పెట్టొద్దు. పట్టాకి సోల్డరింగ్ బయట వైపు చెయ్యి, లోపలి వైపు చేస్తే చక్రం అంచు ఎక్కుతుంది. 25 వాట్ల ఐరన్‌తో పట్టాని గంటసేపు వేడి చేస్తూ కూర్చుంటే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి, 50, 60 వాట్లది తీసుకుని ముందు పట్టాని గీకి, ఫ్లక్స్ రాసి, రెండు మూడు సెకన్లలో పని అయిపోయేలా చూడు, రెండు పక్కలా తడిపిన దూది పెట్టుకో. ఫ్లక్స్ రోజిన్‌దే వాడు, రేకు పనికి వాడే ఆసిడ్ ఫ్లక్స్ వద్దు, అది తర్వాత తుప్పు పట్టిస్తుంది.

తర్వాత ఒక పరీక్ష. ఐదు రూపాయల బిళ్ళ తీసుకుని కరెంటు ఉన్నప్పుడే రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టు, గేజ్ అంటే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు కాబట్టి రెండిటికీ ఆనుతుంది. పెట్టిన వెంటనే కమాండ్ స్టేషన్ షార్ట్ అని గుర్తించి కట్ అవ్వాలి. అట్లా మీటరు మీటరుకీ పెట్టుకుంటూ పో. ఎక్కడైనా కట్ అవ్వలేదంటే ఆ చోట వైరింగ్ ఎంత బలహీనంగా ఉందంటే షార్ట్ అయినా ఆ విషయం డబ్బాకి తెలియడం లేదు, అది మామూలు లోడే అనుకుని ఆంపియర్లు పంపిస్తూనే ఉంటుంది. 14 వోల్టులు ఐదు ఆంపియర్లంటే 70 వాట్లు, నీ సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ. పట్టా తప్పిన లోకో చక్రాల దగ్గర అంత వేడి పుడితే ప్లాస్టిక్ బోగీ కరిగి కారుతుంది. అమెరికాలో ఇదే పరీక్ష వాళ్ళ క్వార్టర్ బిళ్ళతో చేస్తారు. బూస్టర్ సంగతి ఈ పరీక్ష పాసయ్యాకే మాట్లాడుకుందాం, నీ లేఔట్‌లో మూడు నాలుగు రైళ్ళకి ఐదు ఆంపియర్లు కావలసినంత.

మల్టీమీటర్‌తో పట్టాల మీద వోల్టేజ్ చూస్తే ఏదో వింత నంబరు వచ్చిందని కూడా రాశావు. మామూలు మీటర్లు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కోసం తయారైనవి, డీసీసీ అట్లా కాదు, ఒకటి అనే బిట్‌కి ప్లస్‌లో 58 మైక్రో సెకన్లు మైనస్‌లో 58, సున్నా అయితే 100 లేదా ఆ పైన. అంత వేగం మీటరుకి అందదు. ఏసీలో పెట్టి కొలువు, వచ్చిన అంకె నిజమా కాదా అని చూడకుండా ఇక్కడికీ అక్కడికీ తేడా ఎంతో చూడు, అది చాలు.

ప్రశ్న: ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యాను. 1980ల్లో కొన్న ఓఓ (1:76 సైజు) లోకోలు మూడున్నాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటికి డీకోడర్ పెట్టొచ్చా? పెడితే పాడవుతాయా? (పెరంబూర్)

నిజం పెట్టెలు చేసిన చేతులకి ఇదేమంత పని సార్. పెట్టొచ్చు, కాకపోతే తొందరపడకూడదు. పాత ఓఓ లోకోల్లో చాలావాటికి మోటారు బ్రష్‌లలో ఒకటి నేరుగా ఇనుప చాసిస్‌కి, అంటే లోకో చట్రానికి, తగిలి ఉంటుంది, ఒక పట్టా కరెంటు చాసిస్ లోంచే మోటారుకి పోతుంది. డీసీలో ఇది సులువైన పద్ధతి, డీసీసీలో ఇదే డీకోడర్ ప్రాణం తీసేది. మోటారు రెండు కొసలూ డీకోడర్‌కి తప్ప ఇంక దేనికీ తగలకూడదు. ఒక కొస చాసిస్‌కి తగిలితే పవర్ ఇచ్చిన క్షణంలోనే డీకోడర్ పొగ. మోటారుకి ఉన్న వైర్లు విప్పాక మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి మోటారు ఒక్కో కొసకీ చక్రాలకీ మధ్య, ఆ కొసకీ చాసిస్‌కీ మధ్య చూడండి, ఎక్కడా బీప్ రాకూడదు. వస్తే ఆ బ్రష్ కింద ఫైబర్ ముక్కో ప్లాస్టిక్ స్లీవో పెట్టి విడదీయాలి.

రెండోది, మోటారు ఎంత తాగుతుందో చూడాలి. 12 వోల్టులు ఇచ్చి, మధ్యలో ఆంపియర్ మీటర్ పెట్టి, చక్రాలని వేలితో ఒక్క క్షణం ఆపి చూడండి. ఆ ఆగినప్పటి కరెంటు డీకోడర్ మీద రాసిన లిమిట్ కంటే తక్కువ ఉండాలి. పాత మోటార్లు ఆంపియర్ దాటడం మామూలే, కాబట్టి ఎన్ స్కేల్ అనే ఇంకా బుల్లి సైజు రైళ్ళ డీకోడర్లు చవగ్గా వస్తున్నాయని తీసుకోకండి. ముందు మోటారు శుభ్రం చేసి, బ్రష్‌లు చూసి, కమ్యుటేటర్ తుడిచి కొలిస్తే నడిచేటప్పుడు లాగే కరెంటు చాలా తగ్గుతుంది, అయస్కాంతం నీరసపడిన మోటారు మాత్రం తగ్గదు, అది మారిస్తేనే మంచిది.

వైర్ల రంగులు ఏ కంపెనీ అయినా దాదాపు ఒకటే, అమెరికాలోని ఎన్ఎంఆర్ఏ అనే మోడల్ రైళ్ళ సంఘం పెట్టిన లెక్క అది. 1935లో మొదలైన సంఘం, 1990ల్లో డీసీసీకి ప్రమాణాలు రాసింది, దాని మూలం జర్మనీలో లెంజ్ కంపెనీ చేసిన పద్ధతి. ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, ఆరెంజ్ బూడిద రంగు మోటారుకి, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్లన్నిటికీ కలిపి ప్లస్. ఎల్ఈడీ పెడితే వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ మర్చిపోవద్దు. మోటారు మీద టీవీలకి గోల రాకుండా పెట్టిన చిన్న కెపాసిటర్ ఉంటుంది, డీకోడర్ పెట్టాక దాన్ని తీసెయ్యండి, అది ఉంటే నెమ్మదిగా పోయేటప్పుడు లోకో తడబడుతుంది.

డీకోడర్ పెట్టేలోపు పాత లోకోని డీసీసీ పట్టాల మీద సరదాకి కూడా పెట్టకండి. కొన్ని సిస్టంలలో సున్నా నంబరుతో డీసీ లోకో నడపొచ్చు అంటారు, నడుస్తుంది కూడా, కానీ నిలబడ్డప్పుడు కూడా గుయ్యిమంటూ మోటారు వేడెక్కుతుంది. నేనైతే ఎవరికీ చెప్పను.

మీరు అడగలేదు గానీ మీకు నచ్చుతుందని రాస్తున్నా. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్ఓ స్కేల్ 1:87 లెక్కన అది 19.3 దాకా రావాలి, ఓఓ 1:76 లెక్కన అయితే 22. మనం అందరం నడిపేది 16.5 మీద, అంటే హెచ్ఓలో 1435 గేజ్. అందుకే మన రైళ్ళ మోడళ్ళు ఎదురుగా నిలబడి చూస్తే ఏదో సన్నకాళ్ళ మనిషిలా కనబడతాయి. కొందరు పట్టుదల ఉన్నవాళ్ళు సొంతంగా వెడల్పు పట్టాలు వేసుకుంటారు, పట్టాలు చీలే చోట ఉండే పాయింట్లన్నీ చేత్తో చేసుకోవాలి మరి.

ప్రశ్న: నా లోకో ఉన్నట్టుండి ఫుల్ స్పీడులో పారిపోతోంది, కంట్రోలర్‌లో స్టాప్ నొక్కినా వినదు. దయ్యం పట్టిందా? (డిగ్రీ విద్యార్థి, ఆవడి)

దయ్యం కాదు, సీవీ 29. డీకోడర్లో సెట్టింగులు సీవీ అనే గళ్ళలో ఉంటాయి. 29లో చాలా డీకోడర్లకి 6 అని ఉంటుంది, అందులో 2 స్పీడ్ స్టెప్పులకి, 4 ఏమో డీసీ పట్టాల మీద కూడా నడవడానికి. పాయింట్ దగ్గర చిన్న షార్ట్ అయ్యి డిజిటల్ సిగ్నల్ ఒక్క క్షణం చెడిపోతే డీకోడర్ "ఓహో ఇది డీసీ పట్టా కాబోలు" అనుకుని ఉన్న 14 వోల్టులూ మోటారుకి ఇచ్చేస్తుంది. 29లో 6 తీసి 2 పెట్టు. నాలుగంకెల నంబరు వాడుతుంటే 38 ఉంటుంది, దాన్ని 34 చెయ్యి. ఆ షార్ట్ ఎక్కడ అవుతుందో కూడా వెతుకు, లేకపోతే పారిపోవడం మానేసి ఆగిపోవడం మొదలుపెడుతుంది.

ప్రోగ్రామింగ్ ట్రాక్ (సీవీలు మార్చుకునే విడి పట్టా) మీద సీవీలు చదవలేకపోతోంది అని కూడా రాశావు కదా, దానికి కారణం చాలాసార్లు మురికి చక్రాలే. డీకోడర్ జవాబు చెప్పే పద్ధతే మోటారుని ఒక్కసారి అదరగొట్టి కరెంటు లాగడం, మోటారు సరిగ్గా తగలకపోతే జవాబు రాదు. ఏదీ కుదరకపోతే సీవీ 8లో 8 రాయి, చాలా కంపెనీలవి ఫ్యాక్టరీ సెట్టింగుకి వచ్చేస్తాయి, నంబరు మళ్ళీ 3 అవుతుంది.

ప్రశ్న: బీచ్‌కి దగ్గర ఇల్లు. పట్టాలు వారానికే నల్లబడుతున్నాయి. శాండ్ పేపర్‌తో రుద్దుతున్నాను. (బెసెంట్ నగర్)

శాండ్ పేపర్ ఆపండి ముందు. అది వేసే సన్న గీతల్లోనే మురికి చేరుతుంది, ఎంత రుద్దితే అంత త్వరగా నల్లబడుతుంది. మీ పట్టాలకి అయస్కాంతం అతుక్కుంటుందేమో చూడండి, అతుక్కుంటే అవి స్టీలువి, సముద్రం గాలికి తుప్పు తప్పదు, పట్టాలు మార్చడమే దారి. నికెల్ సిల్వర్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి రాసి తుడవండి, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, సారాయి వాసన కొట్టే పెర్ఫ్యూములు వద్దు. కొందరు ఆల్కహాల్ కంటే నూనె జాతి క్లీనర్లు మేలంటారు, కాంటాక్ట్ క్లీనర్ లాంటివి, చక్రానికీ పట్టాకీ మధ్య పుట్టే బుల్లి నిప్పురవ్వల వల్లే ఆ నలుపు పడుతుందని, అలాంటి క్లీనర్లు ఆ రవ్వల్ని తగ్గిస్తాయని వాళ్ళ వాదన. ఏది వాడినా చక్రాలు కూడా తుడవాలి, పట్టాలొక్కటే తుడిస్తే చక్రాలు మళ్ళీ పూసేస్తాయి. ప్లాస్టిక్ చక్రాలున్న బోగీలే పెద్ద దొంగలు, వీలైతే వాటిని మెటల్ చక్రాలకి మార్చుకోండి.

ప్లైవుడ్ గురించి. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, మే నెలలో నిప్పులు, చెక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది. మూడు మీటర్ల పట్టా 20 డిగ్రీల తేడాకి ఒక మిల్లీమీటరు దాకా సాగుతుంది, అది సమస్య కాదు, కదిలేది చెక్క. ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, ఐఎస్ 303 ఎంఆర్ గ్రేడ్ చవగ్గా వస్తుంది గానీ మీ ఇంటికి పనికిరాదు, తీసుకున్నాక అంచులకి కూడా పెయింట్ వెయ్యండి. పట్టాలు వానాకాలంలో వేస్తే ముక్క ముక్కకీ మధ్య సన్న అట్టముక్క దూరేంత సందు వదలండి.

ప్రశ్న: ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో డీసీసీ సొంతంగా చేసుకోవచ్చని విన్నాను. నమ్మొచ్చా? కంపెనీ సిస్టం కొనడానికి బడ్జెట్ లేదు. (అంబత్తూర్)

నమ్మొచ్చు, నాకు బాగా నచ్చిన దారి కూడా ఇదే. డీసీసీ ఈఎక్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్, గ్రెగ్ బెర్మన్ మొదలుపెట్టిన డీసీసీ ప్లస్ ప్లస్ నుంచి పుట్టింది. ఆర్డునో మెగా బోర్డు, దాని మీద గుచ్చే మోటార్ షీల్డ్ (పట్టాలకి కరెంటు ఇచ్చే బోర్డు), ఒక మంచి పవర్ సప్లై, ఇంతే. రిచీ స్ట్రీట్‌లో ఒక మధ్యాహ్నం తిరిగితే అన్నీ ఒకే చోట దొరుకుతాయి, బెంగళూరు వాళ్ళకి ఎస్‌పీ రోడ్ ఉండనే ఉంది. ఒక వైఫై మాడ్యూల్ కూడా కలిపి ఫోన్‌లో ఇంజిన్ డ్రైవర్ అనే యాప్ వేసుకుంటే అదే కంట్రోలర్. కంప్యూటర్‌లో జేఎంఆర్ఐ అనే ఉచిత ప్రోగ్రాం పెడితే సీవీల లెక్కలన్నీ అదే చూసుకుంటుంది.

జాగ్రత్తలు కొన్ని. ఆ మామూలు మోటార్ షీల్డ్‌లో ఉండే ఎల్298 చిప్ పాతది, ఒక ఛానెల్‌కి 2 ఆంపియర్లే, పైగా రెండు వోల్టుల దాకా తానే తినేస్తుంది, అందుకని 12 వోల్టుల సప్లై ఇస్తే హెచ్ఓ రైళ్ళు నీరసంగా పోతాయి, 14, 15 ఇవ్వాలి. అట్లా ఇచ్చేటప్పుడు షీల్డ్ నుంచి ఆర్డునోకి పోయే విన్ అనే దారిని కత్తిరించాలి, లేకపోతే ఆ వోల్టేజ్ బోర్డులోకి పోయి రెగ్యులేటర్ కాలుతుంది. కత్తిరించాక ఆర్డునోకి వేరే సప్లై ఇవ్వండి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే ఈఎక్స్8874 షీల్డ్ తీసుకోండి, ఐదు ఆంపియర్లు ఇస్తుంది, ఈ తిప్పలు తక్కువ.

షాపుల్లో ఎల్ఈడీ స్ట్రిప్పుల కోసం అమ్మే పది, ఇరవై ఆంపియర్ల పవర్ సప్లై మాత్రం పెట్టకండి చవగ్గా వస్తుందని. షార్ట్ అయినప్పుడు చిప్ తన పని చెయ్యకపోతే ఆ ఇరవై ఆంపియర్లూ మీ పట్టాల్లోకి వస్తాయి. షీల్డ్‌కి తగ్గ సప్లై, మధ్యలో ఒక ఫ్యూజు.

ప్రశ్న: రైలు వెళ్ళి గుండ్రంగా తిరిగి అదే దారిలో వెనక్కి వచ్చేలా లూప్ వేశాను. కరెంటు ఇవ్వగానే షార్ట్. వైర్లన్నీ మూడుసార్లు చూశాను, కరెక్టే. (తాంబరం)

వైర్లు కరెక్టే, జామెట్రీ తప్పు. ఎడమ పట్టా తిరిగి వచ్చి కుడి పట్టాకి కలుస్తుంది, ఎర్రదీ నల్లదీ ముద్దు పెట్టుకున్నాయి. లూప్‌ని రెండు చివరలా, రెండు పట్టాలూ ప్లాస్టిక్ జాయినర్లతో విడదియ్యండి, ఆ ముక్కకి ఆటో రివర్సర్ మాడ్యూల్ ద్వారా కరెంటు ఇవ్వండి. చక్రం సందు దాటేటప్పుడు అయ్యే షార్ట్‌ని అది కనిపెట్టి పొలారిటీ, అంటే ఏ పట్టా ఎర్రది ఏది నల్లది అన్నది, తిప్పేస్తుంది, రైలుకి తెలియను కూడా తెలియదు. ఆ విడదీసిన ముక్క మీ అతిపెద్ద రైలు కంటే పొడుగు ఉండాలి, లేకపోతే రెండు చివరలా ఒకేసారి చక్రాలు దాటి మాడ్యూల్ ఏం చెయ్యాలో తెలీక ఊగిసలాడుతుంది. మాడ్యూల్ కట్ అయ్యే ఆంపియర్లు బూస్టర్ కంటే తక్కువకి సెట్ చెయ్యండి, ముందు బూస్టరే ఆగిపోతే మాడ్యూల్ దండగ.

ప్రశ్న: మన డబ్ల్యూడీఎం2 ఆల్కో డీజిల్ ఇంజిన్ సౌండ్ డీకోడర్ దొరుకుతుందా? కృష్ణరాజపురం డీజిల్ షెడ్డు దగ్గర ఉంటాను, డబ్ల్యూడీపీ4 సౌండ్ కూడా కావాలి. (బెంగళూరు)

మన బండి పేరుతో ఉన్న సౌండ్ కోసం వెతక్కండి, ఇంజిన్ పేరుతో వెతకండి. డబ్ల్యూడీఎం2లో ఉన్నది ఆల్కో 251, పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. అమెరికాలో అదే 251 కుటుంబంతో నడిచిన ఆల్కో సెంచరీ లోకోలకి సౌండ్ ఫైళ్ళు చాలా కంపెనీల దగ్గర ఉన్నాయి, ఆ గుడుగుడు చాలావరకు అదే. డబ్ల్యూడీపీ4కి ఈఎండీ 710 ఇంజిన్, కాబట్టి ఎస్‌డీ70 జాతి లోకోల ఫైల్ చూడండి. హారన్ మాత్రం తేడా కొడుతుంది, అమెరికా హారన్ మన చెవికి అస్సలు పట్టదు. సౌండ్ సొంతంగా ఎక్కించుకునే వీలున్న డీకోడర్ తీసుకుంటే, ప్లాట్‌ఫారం మీద నిలబడి మీరే రికార్డు చేసిన హారన్ అందులో పెట్టుకోవచ్చు. స్పీకర్‌కి మూసేసిన చిన్న డబ్బా ఉండాలి, లేకపోతే ఎంత ఖరీదైన డీకోడరైనా దోమ గోలే. పట్టాల మీద ఒక్క క్షణం కరెంటు తెగినా సౌండ్ మళ్ళీ మొదలవుతుంది కాబట్టి ఆ క్షణం పాటు కరెంటు ఇచ్చే స్టే అలైవ్ కెపాసిటర్ కూడా పెట్టించుకోండి, అయితే పట్టాలు తుడవడానికి బద్ధకించి దాన్ని పెట్టే వాళ్ళున్నారు, అది వేరే కథ.

ప్రశ్న: పాయింట్ మోటార్ కాలిపోయింది, రెండోది. బటన్ కాస్త ఎక్కువసేపు నొక్కినట్టున్నాను. (నంగనల్లూర్)

సోలినాయిడ్ మోటారుకి అరక్షణం కరెంటే పడాలి, బటన్ ఇరుక్కుంటే కాలుతుంది. కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ ఒకటి మధ్యలో పెట్టండి, ఒక్క దెబ్బ గట్టిగా కొట్టి ఊరుకుంటుంది, మీరు బటన్ మీద చెయ్యి పెట్టుకుని నిద్రపోయినా ఏం కాదు. కొత్తగా కొనేవాటికైతే ఎస్‌జీ90 సర్వోలు చూడండి, చవక, నెమ్మదిగా కదుల్తాయి, నిజం పాయింట్ లాగే ఉంటుంది. పాయింట్ మధ్యలో చిన్న లోకోలు ఆగిపోతుంటే పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉండే ఫ్రాగ్ అనే ముక్క ప్లాస్టిక్‌దై ఉంటుంది, లోహం ఫ్రాగ్ ఉన్న పాయింట్ తీసుకుని, అది తిరిగినప్పుడల్లా పొలారిటీ మారేలా ఒక స్విచ్ కలిపితే సరి.

ప్రశ్న: డబ్బా మీద డీసీసీ రెడీ అని ఉంది. పట్టా మీద పెట్టి నంబరు 3 నొక్కితే కదలట్లేదు. మోసపోయానా? (మాధవరం)

మోసం కాదు, రెడీ అంటే డీకోడర్ పెట్టుకోవడానికి సాకెట్ ఉందని మాత్రమే. డీసీసీ ఫిటెడ్ అనో ఆన్ బోర్డ్ అనో ఉంటేనే లోపల డీకోడర్ ఉన్నట్టు. పైకప్పు తీసి సాకెట్‌కి ఎన్ని రంధ్రాలో పిన్నులో ఉన్నాయో చూసుకుని దానికి సరిపోయే డీకోడరే కొనండి, హెచ్ఓ ఓఓల్లో ఎక్కువ 8 పిన్నులు లేదా 21, ఎన్ స్కేల్ లాంటి చిన్నవాటిలో 6 లేదా నెక్స్ట్18. 8 పిన్నులది తిరగేసి గుచ్చితే లోకో అటుది ఇటు నడుస్తుంది, లైట్లు వెలగవు, తీసి తిప్పి గుచ్చండి. 21 పిన్నులదాంట్లో ఒక చోట పిన్ను కావాలనే లేకుండా చేస్తారు, ఆ ఖాళీని చూసి సరిపెట్టండి, బలవంతంగా నొక్కకండి.